ఈసీజీ నార్మలే అన్నారు, మరి నాకేమైంది

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ బస్సులో వెళ్ళొచ్చే ఉద్యోగం నాది, పదకొండేళ్ళుగా. పొద్దున ఏడుంబావు బస్సు. పెదకాకాని, నంబూరు, కాజ టోల్ గేటు, మంగళగిరి, తాడేపల్లి, వారధి, బస్టాండు, కళ్ళు మూసుకుని కూర్చున్నా బస్సు ఎక్కడుందో చెప్పేస్తాను. ఆ దారిలోనే 2023 జూన్ లో, పిల్లల స్కూళ్ళు తెరిచిన వారం, వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయి బస్సు కృష్ణ మధ్యలో నిలబడిపోయినప్పుడు ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది, చేతులు తిమ్మిరెక్కి వేళ్ళు కొంకర్లు పోతున్నట్టు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, ఎంత పీల్చినా ఊపిరి లోపలికి దిగట్లేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నా. పక్క సీటు అక్క నా చెయ్యి పట్టుకుని వీపు రుద్దుతోంది, కండక్టర్ నీళ్ళ బాటిల్ ఇచ్చాడు, నాకు మాత్రం మా పాప స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంటి తాళం ఎవరు తీస్తారు అన్న ఒక్క ఆలోచనే.

బస్టాండు నుంచి ఆటోలో నేరుగా హాస్పిటల్ కి వెళ్ళాం. ఈసీజీ తీశారు, గుండెకి ఏమైనా దెబ్బ తగిలిందేమోనని రక్తంలో ట్రోపోనిన్ చూశారు, మర్నాడు గుండె స్కానింగ్, టూడీ ఎకో. అన్నీ నార్మల్. "గ్యాస్ ట్రబుల్ అమ్మా, టైముకి తినండి" అని పరగడుపున వేసుకునే మాత్రలు రాసి పంపేశారు. ఎంత సంతోషపడ్డానో. పన్నెండు రోజులకి మళ్ళీ వచ్చింది, ఈసారి ఆఫీసులో, ఏ కారణమూ లేకుండా. ఇంకో డాక్టర్, ఇంకో ఈసీజీ. తర్వాత ట్రెడ్ మిల్ టెస్ట్, ఎండోస్కోపీ, మెడ నరాల దగ్గర ఏదైనా ఉందేమోనని ఎమ్మారై కూడా. నేను అకౌంట్స్ మనిషిని, ప్రతి ఖర్చూ డైరీలో రాస్తాను, ఆ ఎనిమిది నెలల్లో టెస్టులకీ మందులకీ అయింది 43 వేల పైచిలుకు. ప్రతి రిపోర్టులో నార్మల్ అని ఉండేది, అది చూసినప్పుడల్లా అసలు జబ్బేదో ఎవరికీ దొరకట్లేదని ఇంకా భయం పెరిగేది. డాక్టర్లని తప్పు పట్టను, గుండె నొప్పి అని వచ్చిన మనిషికి ముందు గుండే చూడాలి. కానీ గుండె బాగుంది అని తేలాక, మరి ఈ మనిషికి ఏమవుతోంది అని ఒక్కరైనా అడిగి ఉండాల్సింది.

దసరా వచ్చేసరికి నేను చాలా మారిపోయా. బస్సులో డోర్ పక్క సీటు దొరక్కపోతే ఎక్కేదాన్ని కాదు, వారధి వస్తోందంటే తాడేపల్లిలోనే చెమటలు, రెండుసార్లు అక్కడే దిగిపోయి ఇంటికి ఫోన్ చేశా. లీవులు ఐపోయాయి. రాత్రి పదింటికి పడుకుంటే మూడింటికి మెలకువ, ఇంక నిద్ర రాదు, ఫ్యాన్ తిరగడం చూస్తూ పడుకునేదాన్ని. అన్నం మింగుడు పడదు. పాప స్కూల్లో ఏం జరిగిందో చెప్తూ ఉంటే మాటలు వినపడేవి కానీ లోపలికి వెళ్ళేవి కాదు, "అమ్మా నువ్వు వింటున్నావా" అని అది నా గడ్డం పట్టుకుని తిప్పేది. ఏడుపు కూడా రాని రోజులు ఉండేవి, ఏడ్చే రోజులకంటే అవే ఘోరం. ఇంత బాగా చూసుకునే మొగుడు, బంగారం లాంటి పిల్ల, నెల తిరిగితే జీతం, నీకేం తక్కువే అని అమ్మ ఫోన్లో అంటుంటే నాకూ అదే అనిపించేది, ఏమీ తక్కువ లేనప్పుడు ఇలా ఉన్నానంటే నాలోనే ఏదో తప్పుందని.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించా, రాస్తున్నా. ఆ డిసెంబర్ నుంచి పడుకోబోయే ముందు ఇలాగే నిద్రలో పోతే ఎంత బాగుంటుందో అనిపించడం మొదలైంది. ఏదో చేసుకోవాలని కాదు, పొద్దున లేవకపోతే చాలు అన్నట్టు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్తే హడలిపోతాడని, అమ్మకి చెప్తే ప్రాణం మీదకి తెచ్చుకుంటుందని.

మా అత్తయ్యకి నేను సరిగ్గా లేనని అందరికంటే ముందు తెలిసింది. ఎర్ర నీళ్ళతో దిష్టి తీసింది, శనివారాలు గుడికి తీసుకెళ్ళింది, దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చింది, ఆ ఎండలో ఆమె మోకాళ్ళ నొప్పులతో అంత దూరం వెళ్ళి. నాకు దాని మీద ఏ కోపమూ లేదు, ఆమెకి తెలిసిన వైద్యం అది, నా కోసం చేసింది. తాయెత్తు ఇప్పటికీ ఉంది. తాయెత్తు కట్టించుకున్నంత తేలిగ్గా డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళగలిగి ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంటాను.

నిద్ర కోసం తెలిసినవాళ్ళు వాడే మాత్రల పట్టీ ఒకటి మెడికల్ షాపులో తెప్పించుకుని వేసుకున్నా కొన్నాళ్ళు. అల్ప్రాజోలామ్. మొదట్లో భలే నిద్ర పట్టింది, మూడు వారాలకి ఒకటి సరిపోక ఒకటిన్నర. ఫిబ్రవరిలో జ్వరమొచ్చి మా వీధిలో కొత్తగా పెట్టిన జనరల్ మెడిసిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏమేం మందులు వాడుతున్నారు అంటే ఆ పట్టీ చూపించా. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, నా లావుపాటి ఫైలు మొత్తం తిరగేసి, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఇష్టంగా చేసే పనులు ఇప్పుడు చేయాలనిపిస్తోందా అని అడిగింది. అంతే, జ్వరానికి వెళ్ళినదాన్ని అక్కడ వెక్కి వెక్కి ఏడ్చా. ఆ నిద్ర మాత్రలు అలా సొంతంగా వాడితే అలవాటు పడిపోతారు, అలాగని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే అని చెప్పి, ఎలా తగ్గించాలో రాసిచ్చి, అదే చీటీ కింద ఒక సైకియాట్రిస్ట్ పేరు రాసింది.

ఆ చీటీ బీరువాలో పట్టుచీర మడతలో పెట్టా, ఇరవై మూడు రోజులు. మా వైపు ఎవరినైనా తిట్టాలంటే వీణ్ణి వైజాగ్ పంపించాలి అంటారు, హైదరాబాద్ వైపు ఎర్రగడ్డలో వెయ్యాలి అంటారట. ఆ రెండు చోట్లా ఉన్న మానసిక ఆసుపత్రులు ఎన్ని తరాల మనుషుల్ని చూసుకున్నాయో, మనం మాత్రం వాటి పేర్లని తిట్లు చేసిపెట్టుకున్నాం. నేనూ ఆ తిట్లు వింటూ పెరిగినదాన్నే, నా పేరు పక్కన సైకియాట్రీ అన్న ముక్క పడిందంటే రేపు పాప పెళ్ళి సంబంధాల దాకా వస్తుందేమోనని ఆరేళ్ళ పిల్ల గురించి ఆలోచిస్తూ కూర్చున్నా.

మార్చిలో ఒక రాత్రి రెండున్నరకి ఆ నిద్రలో పోవాలనే ఆలోచన మరీ గట్టిగా వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని 14416 కి ఫోన్ చేశా. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలెట్టింది, ఆ రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ నాకు ఎక్కడ కనపడిందో కూడా గుర్తులేదు, గోడ మీద పోస్టర్ లోనో ఎక్కడో. ఫోన్లో ఒకమ్మాయి, నాకంటే చిన్నదే అనుకుంటా, ఊరికే వింది ముందు. తర్వాత నేరుగా అడిగింది, మేడమ్ చనిపోవాలని అనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలని ప్లాన్ ఏమైనా ఉందా, ఇంట్లో మీ పక్కన ఎవరున్నారు అని. ఆ మాట ఇంకో మనిషి నోటి నుంచి విన్నాక నాకు భయం పెరగలేదు, గుండెల మీద బండరాయి ఎవరో ఒక పక్క పట్టుకున్నట్టు అనిపించింది. అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవుతుందని మన వాళ్ళు అనుకుంటారు కదా, అది నిజం కాదు, అడిగినందుకే నేను చెప్పగలిగా. ఫోన్ పెట్టే ముందు మా ఆయన్ని నిద్ర లేపుతానని నా చేత ఒప్పించింది. లేపా. అన్నీ చెప్పా. ఆయన ఏం మాట్లాడలేదు, లైటు వేసి టీ పెట్టాడు, తెల్లారేదాకా ఇద్దరం వంటింట్లోనే కూర్చున్నాం.

రెండు రోజులకి బీరువాలోంచి చీటీ బయటికొచ్చింది. క్లినిక్ లో తల మీద చున్నీ కప్పుకుని కూర్చున్నా, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారని. అక్కడ ఎవరున్నారంటే పుస్తకం పట్టుకున్న ఇంజనీరింగ్ కుర్రాడు, నెలల బిడ్డతో ఒక అమ్మాయి, పంచె కట్టుకున్న పెద్దాయన, ఆయన కొడుకు. ఏ డాక్టర్ దగ్గరైనా ఉండే మనుషులే.

డాక్టర్ గారు దాదాపు నలభై నిమిషాలు అడిగారు. డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి, పీహెచ్‌క్యూ-9 అంటారు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా టిక్ పెట్టాలి. 27 కి నాకు 18. ఆందోళనకి ఏడు ప్రశ్నలది ఇంకోటి, జీఏడీ-7, అందులో 21 కి 16. ఆ అంకెలు చూసి నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను, ఎనిమిది నెలల్లో మొదటిసారి నార్మల్ కానిది ఒకటి కాగితం మీద కనపడింది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 టెస్టులు రాశారు, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయట. ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, అతిగా మాట్లాడటం, ఖర్చు పెట్టెయ్యడం లాంటివి ఉండేవా అని మా ఆయన్ని పిలిచి మరీ అడిగారు. అది బైపోలార్ అట, అది ఉన్నవాళ్ళకి ఒట్టి డిప్రెషన్ మాత్ర ఇస్తే ఇంకో వైపుకి తిరగబడొచ్చట, అందుకే ఆ ప్రశ్న. ఇవన్నీ చూసుకునే మందు రాస్తారు కాబట్టే పక్కింటివాళ్ళ పట్టీ మనం వేసుకోకూడదని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

వారధి మీద జరిగినదాన్ని పానిక్ అటాక్ అంటారని చెప్పారు. పాము కనపడితే ఒళ్ళు పరిగెత్తడానికి ఎలా సిద్ధమవుతుందో అలా, కాకపోతే పాము లేకుండానే. అడ్రినలిన్ వల్ల గుండె వేగం, భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి చేతులు తిమ్మిర్లు, తల తిరగడం. అంటే గాలి చాలక కాదట, ఊపిరి మరీ ఎక్కువ తీయడం వల్ల. పది నిమిషాల లోపే అది పైకెక్కే దాకా ఎక్కి దిగడం మొదలవుతుంది అన్నారు. "మీది నటన కాదమ్మా, గుండె నిజంగానే అంత వేగంగా కొట్టుకుంది, కానీ గుండెకి జబ్బు లేదు" అన్నారు. ఆ ఒక్క మాట జూన్ లోనే ఎవరైనా చెప్పి ఉంటే.

డిప్రెషన్ కీ ఆందోళనకీ ఇచ్చే మాత్ర రాశారు, ఎస్సిటాలోప్రామ్, ఒక వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మందు పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియాలంటే ఆరు వారాలు పట్టొచ్చు, మొదటి పది రోజులు కొంచెం ఎక్కువైనట్టు ఉంటుంది, ఆపొద్దు, చనిపోవాలనే ఆలోచన పెరిగితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి అని ముందే చెప్పారు. ముందే చెప్పబట్టి సరిపోయింది. మొదటి వారం వాంతి వచ్చేట్టు ఉండేది, ఆవలింతలు, కాళ్ళు ఒకచోట నిలవనిచ్చేవి కావు, దడ పెరిగింది. అయిదో రోజు మాత్ర చేతిలో పట్టుకుని వద్దనుకున్నా. మా ఆయన క్యాలెండర్ మీద పద్నాలుగో రోజుకి గుండ్రంగా గీత గీసి, "అప్పటిదాకా చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే నేనే డాక్టర్ని అడుగుతా" అన్నాడు. నా మాత్రల డబ్బా, ఇంట్లో ఉన్న మిగతా మందులూ అన్నీ ఆ నెలంతా ఆయన దగ్గరే ఉన్నాయి, అదీ డాక్టర్ గారు చెప్పిందే.

తగ్గుతోందని నాకు ఎలా తెలిసిందో చెప్తా. అయిదో వారంలో ఒక రోజు బస్సులో మంగళగిరి కొండ కనపడటం గుర్తుంది, తర్వాత కండక్టర్ "బస్టాండమ్మా, దిగండి" అని లేపాడు. నిద్రపోయా. తాడేపల్లి దాటింది, వారధి దాటింది, కింద కృష్ణ దాటింది, నాకు తెలియనే లేదు. ప్లాట్ ఫాం బెంచీ మీద కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చా, ఆయన ఏమైందో ఏమోనని కంగారు పడ్డాడు పాపం.

మందుతో పాటు సైకాలజిస్ట్ దగ్గరికి కూడా పంపారు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆ పైన దీంట్లో స్పెషలైజ్ అయిన డాక్టర్, మందులు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో చేస్తారు, నేను అప్పటిదాకా ఇద్దరూ ఒకటే అనుకునేదాన్ని. సీబీటీ అంటారు నాకు చేసినదాన్ని, భయం పుట్టించే ఆలోచనల్నీ అలవాట్లనీ కొంచెం కొంచెంగా మార్చే పద్ధతి. ఎక్కువ భాగం మా బస్సు రూటు మీదే నడిచింది. ఆదివారం ఖాళీగా ఉండే బస్సెక్కి పెదకాకాని దాకా వెళ్ళి దిగడం, అది అలవాటయ్యాక కాజ, తర్వాత మంగళగిరి, డోర్ పక్క సీటు వదిలి మధ్యలో కూర్చోవడం, చివరికి చేతిలో నీళ్ళ బాటిల్ కూడా లేకుండా వారధి దాటడం. దడ వస్తే తప్పించుకోకుండా అలాగే కూర్చుని అది దిగేదాకా చూడాలి. మూడోసారో నాలుగోసారో వాచీ చూసుకున్నా, ఎనిమిది నిమిషాలకి దిగింది. ఊరికే కబుర్లు చెప్పించుకుని డబ్బులు తీసుకుంటారు అనేవాళ్ళు నాతో పాటు ఒక్క ఆదివారం ఆ బస్సెక్కితే బాగుండు.

ఆగస్టుకల్లా బాగైపోయా, బాగైపోయానని మాత్రలు మానేశా. డాక్టర్ని అడగలేదు. ఎవరో అన్నారు ఎక్కువ రోజులు వాడితే మెదడు మొద్దుబారుతుందని. మూడో రోజు నుంచి తల తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టు, కళ్ళు తిరగడం, ఊరికే ఏడుపు. అది తగ్గింది కానీ అక్టోబర్ లో మళ్ళీ మూడింటి మెలకువ మొదలైంది, ఈసారి అదేంటో తెలుసు కాబట్టి వారంలోపే వెళ్ళా. తిడతారేమో అనుకున్నా, చాలామంది చేసేదే అన్నారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా వాడాలి, తర్వాత కొన్ని వారాల మీద తగ్గిస్తూ ఆపాలి, నాకు ఒకసారి తిరగబెట్టింది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ రోజులు.

డబ్బుల సంగతి ఒక మాట. నా మాత్ర జనరిక్ షాపులో తీసుకుంటే నెలకి టీల ఖర్చంత కూడా కాదు, థెరపీకే ఎక్కువ అయింది. అది కట్టలేనివాళ్ళకి గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్ లో సైకియాట్రీ ఓపీ ఉంది, ఫ్రీగా చూస్తారు. మా ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే మానసిక జబ్బులకి రాదండి అని పెట్టేశారు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో వీటికీ అలాగే ఇవ్వాలని స్పష్టంగా ఉంది. హాస్పిటల్ లో అడ్మిట్ అయితేనే ఇచ్చే పాలసీలో ఓపీ ఖర్చు ఏ జబ్బుకైనా రాదు, అది వేరే విషయం, కానీ జబ్బు పేరు వినగానే రాదు అనేస్తే మాత్రం ఊరుకోకండి, రాసివ్వమని అడగండి.

బెంగళూరులో ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో ఇలాంటి మామూలు డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్ళలో నూటికి 85 మంది వైద్యం అందనివాళ్ళే అని తేలింది. అది చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. నాకు బాగయ్యాక అమ్మ చెప్పిన విషయం ఇది. పెద్దమ్మ రెండో కాన్పు తర్వాత ఏడాది పైన గోడ వైపు తిరిగి పడుకునే ఉండేదట, గాలి సోకిందని ఎక్కడెక్కడికో తిప్పారట, ఒకచోట వేపమండలతో కొట్టారట కూడా. "అప్పుడు మాకేం తెలుసే" అంటూ అమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుంది. నాకు ఊహ తెలిసేసరికి పెద్దమ్మ చాలా నెమ్మదస్తురాలు, ఎవరితోనూ మాట్లాడేది కాదు, అది ఆమె స్వభావం అనుకునేవాళ్ళం అందరం.

నీకేం తక్కువే అని అమ్మ ఇప్పుడు అనదు. రోజూ రాత్రి ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని మాత్రం అడుగుతుంది, బీపీ మాత్ర అడిగినట్టే. నాన్న పోయి నాలుగేళ్ళు, అప్పట్నుంచి అమ్మకి నిద్ర సరిగ్గా లేదు, కడుపులో మంట అంటుంది, ఎప్పుడు అడిగినా అన్నం సయించట్లేదు అంటుంది, మేం గ్యాస్ మాత్రలు కొనిస్తూ వచ్చాం. మొన్న ఆదివారం ఫోన్ పెట్టేయబోతూ ఆగి, మీ డాక్టర్ గారు పెద్దవాళ్ళని కూడా చూస్తారా అంది. ఎవరికమ్మా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

శుక్రవారం సెలవు పెట్టా. పొద్దున్నే వెళ్ళి అమ్మని తీసుకొస్తా.